మీ ప్రశ్న, డాక్టరమ్మ జవాబు: పసిబిడ్డ ఊపిరా, రక్తమా?

పోయిన నెల ఇదే పేజీలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరి కష్టాల గురించి రాశాను. బిడ్డల అమ్మానాన్నలు రాస్తారనుకుంటే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చదువుకుంటున్న పిల్లలవే, అవీ విశాఖ, చుట్టుపక్కల నుంచే. అందరిదీ ఇంచుమించు ఒకటే గొడవ: రీసెర్చ్ చేయాలనుంది, ఎలా చేయాలి, ఎక్కడ చేయాలి, దాంతో బతుకు గడుస్తుందా. కొందరికి పసిపిల్లల శ్వాస మీద ఆసక్తి, కొందరికి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు), తలసేమియా లాంటి వంశపారంపర్య రక్త వ్యాధుల మీద, ఒకమ్మాయికైతే రెండింటి మీదా. ఆ అమ్మాయితోనే మొదలుపెడతాను. జవాబు పొడుగే, ఓపిక పట్టండి.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నేను ఎంబీబీఎస్ ఫైనలియర్. పిల్లల వార్డు పోస్టింగ్‌లో సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే సాధనం) మీద ఉన్న బిడ్డల్ని చూసినప్పటి నుంచి నియోనాటాలజీ, అదే పసికందుల వైద్యం, అంటే పిచ్చి పట్టుకుంది. ఇంకోవైపు మా మేనత్త మనవడికి తలసేమియా, మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాణ్ణి చూస్తుంటే రక్తవ్యాధుల వైద్యం హెమటాలజీ కూడా వదలబుద్ధి కావడం లేదు. సీనియర్లేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో అంటున్నారు. నిజంగా రెండింట్లోనూ రీసెర్చ్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (ఎంబీబీఎస్ విద్యార్థిని, మహారాణిపేట)

జవాబు: ఉన్నారమ్మా. మీ సీనియర్లు ఈసారి అడిగితే మారియా డెలివోరియా-పాపడోపౌలోస్ పేరు చెప్పు. గ్రీసులో పుట్టిన డాక్టరావిడ. 1960ల్లో టొరంటోలో పనిచేస్తూ, ఇక పోతారనుకున్న నెలలు తక్కువ బిడ్డల్ని వెంటిలేటర్ మీద పెట్టి బతికించవచ్చని చూపించిన మొదటి తరం వాళ్లలో ఒకరు. తర్వాత ఫిలడెల్ఫియా వెళ్లి, ఫ్రాంక్ ఆస్కీ అనే పిల్లల రక్తవ్యాధుల నిపుణుడితో కలిసి ఎర్రకణాల మీద పడ్డారు. నెలలు నిండిన బిడ్డ, నిండని బిడ్డ, జబ్బు చేసిన బిడ్డ, వీళ్ల రక్తం ఒంటికి ఆక్సిజన్‌ని ఎంత సులువుగా వదులుతోంది, పుట్టిన తర్వాత అది ఎలా మారుతోంది అని కొలిచి 1971లో పేపర్ వేశారు. ఎర్రకణంలోని 2,3-డీపీజీ అనే పదార్థం, పెద్దవాళ్ల రకం హిమోగ్లోబిన్ ఎంత పాలు ఉందన్నది, ఈ రెండూ కలిసే దాన్ని నడిపిస్తున్నాయని తేలింది. ఊపిరితిత్తుల డాక్టరావిడ, రక్తం డాక్టరాయన ఒకే ప్రశ్న దగ్గర కలిశారన్నమాట. ఎందుకంటే అది నిజానికి ఒకే ప్రశ్న. ఊపిరితిత్తి ఆక్సిజన్‌ని లోపలికి తేగానే పని అయిపోదు, దాన్ని మోసుకెళ్లి సరైన చోట దింపేది హిమోగ్లోబినే. మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ 94 శాతం అని కనిపించగానే హమ్మయ్య అనుకుంటాం కదా, ఆ 94లో మెదడుకి నిజంగా అందింది ఎంత అన్నది రక్తాన్ని అడగాల్సిన మాట.

కొంచెం వివరంగా చెప్తాను, నీ కెరీర్ మొత్తం దీని మీద కట్టుకోవచ్చు గనక. కడుపులో ఉన్న బిడ్డకి ఫీటల్ హిమోగ్లోబిన్ ఉంటుంది, పెద్దవాళ్లలో ఉండే బీటా అనే ప్రోటీన్ గొలుసుల బదులు గామా గొలుసులతో తయారైంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ హిమోగ్లోబిన్‌లో సుమారు 70 శాతం ఇదే, నెలలు తక్కువైతే ఇంకా ఎక్కువ. ఇది ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ సగం నిండడానికి దాదాపు 27 మిల్లీమీటర్ల ఆక్సిజన్ పీడనం కావాలి, దీనికి 20 దగ్గరే చాలు. తల్లి రక్తం నుంచి లాక్కోవాలి కాబట్టి ప్రకృతి అలా పెట్టింది. పుట్టాక నెలల్లో ఇది తగ్గిపోయి బీటా గొలుసుల రకం వస్తుంది. సికిల్ సెల్లోనూ బీటా తలసేమియాలోనూ తప్పు బీటా జన్యువులో ఉంది కనుక పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటాడు, కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది. సికిల్ సెల్ ఉన్న పసిబిడ్డల కణాలు అంత తేలిగ్గా వంకరపోవని న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు 1948లోనే గమనించి, ఫీటల్ హిమోగ్లోబినే కాపాడుతోందేమో అన్నారు. ఆ తర్వాతేడాదే లైనస్ పౌలింగ్ సికిల్ సెల్‌ది అణువు స్థాయి జబ్బు అని పేపర్ వేసి ప్రపంచమంతా మారుమోగించాడు, వాట్సన్ గారి పేరు మన క్లాసుల్లో ఎవరూ ఎత్తరు. కానీ సికిల్ సెల్‌కి వాడే హైడ్రాక్సీయూరియా మాత్ర పనిచేసేది చాలావరకు ఆ దారిలోనే, ఫీటల్ హిమోగ్లోబిన్‌ని పెంచి. 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన జన్యు సవరణ చికిత్స క్యాస్జెవీ కూడా ఫీటల్ హిమోగ్లోబిన్‌ని ఆపేసే బీసీఎల్11ఏ అనే స్విచ్‌ని దెబ్బకొట్టి మళ్లీ ఆ పసితనపు హిమోగ్లోబిన్‌నే తయారు చేయిస్తుంది (అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన ఊరి వాళ్లకి ఎప్పుడు అందుతుందో మాట్లాడటం తర్వాతి సంగతి). అంటే నువ్వు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) రోజూ సిరంజిలో తీసే రక్తంలో ఉన్న సరుకునే హెమటాలజీ వాళ్లు దశాబ్దాలుగా పెద్దవాళ్లలో తిరిగి తెప్పించాలని చూస్తున్నారు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడు. నెలలు తక్కువ బిడ్డకి మనం పదే పదే రక్తపరీక్షలకని రక్తం తీస్తాం, తగ్గితే పెద్దవాళ్లు దానం చేసిన రక్తం ఎక్కిస్తాం. దాంతో బిడ్డ ఫీటల్ హిమోగ్లోబిన్ పాలు పడిపోతుంది, పెద్దల హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ధారాళంగా వదిలేస్తుంది. కంటి రెటీనాకీ ఊపిరితిత్తులకీ ఇది చేటు చేస్తోందా అన్నది ఇవాళ నడుస్తున్న పెద్ద చర్చ. బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎర్రకణాలే ఎక్కిస్తే ఎలా ఉంటుందని ఇటలీలో ట్రయల్ కూడా చేశారు. ఈ ప్రశ్న నియోనాటాలజీదా, హెమటాలజీదా? ఎవరిదీ కాదు, ఇద్దరిదీ.

ఇంకొకటి. పుట్టగానే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోయిన బిడ్డలకి ఆ నాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పీల్పిస్తాం, అమెరికాలో దానికి 1999లో అనుమతి వచ్చింది. సికిల్ సెల్లో ఎర్రకణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్ సరిగ్గా ఈ నైట్రిక్ ఆక్సైడ్‌నే మింగేస్తుందని 2002లో తేలింది. అయితే సికిల్ సెల్ వల్ల ఒళ్లు నొప్పులొచ్చినప్పుడు అదే వాయువు ఇస్తే సరి కదా అని పెద్ద ట్రయల్ చేశారు, 2011లో ఫలితం వచ్చింది, ఉపయోగం లేదు. నాకు ఈ కథ ఇష్టం. ఒక వార్డులో పనిచేసింది పక్క వార్డులో పనిచేయకపోవడం కూడా రీసెర్చే, ఎందుకు పనిచేయలేదో వెతకడం మరీ మంచి రీసెర్చ్.

ఇక దారి సంగతి. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ పీడియాట్రిక్స్ మూడేళ్లు, ఆపైన నీట్ ఎస్‌ఎస్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మూడేళ్లు. పీడియాట్రిక్స్ తర్వాత డీఎం నియోనాటాలజీకీ వెళ్లొచ్చు, క్లినికల్ హెమటాలజీకీ వెళ్లొచ్చు. పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్లు కలిపిన డీఎం కొద్ది చోట్లే ఉంది. రెండు డీఎంలు చేస్తానని మాత్రం కూర్చోకు. డీఎం ఒకటే తీసుకో, ప్రశ్న మాత్రం రెండు వార్డుల మధ్యనున్నది ఎంచుకో. ఆ ఎంపిక ఎండీ థీసిస్ దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే థీసిస్ ఎలాగూ తప్పదు, చాలామంది గైడ్ ఇచ్చిన పాత టాపిక్‌నే కొత్త బ్యాచ్‌తో మళ్లీ చేసి చేతులు దులుపుకుంటారు. సికిల్ సెల్ ఉన్న తల్లులకి నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం, బరువు తక్కువ బిడ్డలు పుట్టే అవకాశం ఎక్కువ. ఏజెన్సీ నుంచి కష్టమైన కాన్పులు ఘాట్ రోడ్డు దిగి విశాఖ పెద్దాసుపత్రులకే వస్తాయి. ఆ బిడ్డల్లో పుట్టగానే ఆయాసం ఎందరికి వచ్చింది, ఎందరికి సీపాప్ కావలసి వచ్చింది, తల్లి హిమోగ్లోబిన్‌తో దానికేమైనా పొత్తుందా అని లెక్క తీసినా అది నీ థీసిస్. ఢిల్లీ వాళ్లకి కావాలన్నా దొరకని ప్రశ్న, మన ఊళ్లో మంచం పక్కనే ఉంది. ఎండీ దాకా ఆగక్కర్లేదు కూడా, ఎంబీబీఎస్ పిల్లలకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల రెండు నెలల ఎస్‌టీఎస్ స్టూడెంట్‌షిప్ ఉంది, నోటిఫికేషన్ కనిపెట్టుకుని ఉండు.

ప్రశ్న: అమ్మా నమస్తే, నేను పాడేరు ఏజెన్సీలో ఏఎన్‌ఎంని. సికిల్ సెల్ పరీక్షలు ఊరూరా తిరిగి మేమే చేస్తున్నాం. పనిలో పనిగా పుట్టిన బిడ్డకి కూడా అదే పరీక్ష చేసేద్దామంటే వద్దన్నారు, కారణం చెప్పలేదు. ఇంకో మాట, మాలాంటి వాళ్లకి రీసెర్చ్‌లో చోటుంటుందా, లేక లెక్కలు రాసిచ్చే పనేనా? (ఏఎన్‌ఎం, పాడేరు మండలం)

జవాబు: కారణం పైన ఆ అమ్మాయికి చెప్పిందే. మీరు చేసే సాల్యుబిలిటీ పరీక్షలో సికిల్ హిమోగ్లోబిన్ కొంత మోతాదు ఉంటేనే ద్రావణం మసకబారుతుంది. పుట్టిన బిడ్డలో అది చాలా తక్కువ, ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువ, కాబట్టి జబ్బున్న బిడ్డకి కూడా లేదని వచ్చేస్తుంది. ఆర్నెల్లు దాటేదాకా ఆ పరీక్షని నమ్మకూడదు. పసిబిడ్డకైతే మడమ గుచ్చి కాగితం మీద చుక్క పట్టి ల్యాబ్‌కి పంపి హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష చేయించాలి, కొన్ని కొత్త ర్యాపిడ్ కిట్లు కూడా పసిపిల్లల్లో పనిచేస్తాయి. లేదన్నారు కదా అని వెళ్లిపోయిన తల్లి, బిడ్డకి ఏడో నెలలో చేతులూ కాళ్లూ వాచి వచ్చినప్పుడు మిమ్మల్నే నిలదీస్తుంది. వద్దన్నవాళ్లు కారణం కూడా చెప్పి ఉంటే బాగుండేది, అడగడం మీ తప్పు కాదు.

చోటు గురించి అడిగారు. జమైకాలో గ్రాహం సర్జెంట్ అనే డాక్టరు 1973 నుంచి 1981 దాకా కింగ్‌స్టన్ ఆసుపత్రిలో లక్ష కాన్పులకి బొడ్డుతాడు రక్తం పరీక్ష చేయించి, సికిల్ సెల్ తేలిన పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. చిన్నపిల్లల్లో ఉన్నట్టుండి ప్లీహంలో రక్తం నిలిచిపోయి అది ఉబ్బి, గంటల్లో ప్రాణం పోయే ప్రమాదం ఉంటుంది. దానికి వాళ్లు కనిపెట్టింది మందు కాదు, మెషీన్ కాదు. తల్లులకి రోజూ బిడ్డ పొట్ట ఎడమ పక్కన వేళ్లతో తడిమి చూడటం నేర్పారు, పెరిగినట్టు తెలిస్తే పరుగెత్తుకు రమ్మన్నారు. చావులు బాగా తగ్గాయి. ఇది మెడికల్ పత్రికల్లో అచ్చయిన రీసెర్చ్, మీరు చేసే పనికి దీనికంటే దగ్గరగా ఇంకేముంటుంది? 1986లో అమెరికాలో ఇంకో ట్రయల్ వచ్చింది, సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లలకి రోజూ పెన్సిలిన్ నోటికి ఇస్తే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని, ఎంత తేడా కనిపించిందంటే ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. పుట్టినప్పుడే తెలిస్తే తప్ప ఈ రెండూ చేయలేం. అందుకే పసిబిడ్డల పరీక్ష అంత ముఖ్యం. సర్జెంట్ గారు తర్వాత మన పక్కనే ఒడిశాలో సంబల్‌పుర్ దగ్గర బుర్ల వైద్యులతో కూడా పనిచేశారు. అక్కడి రోగుల్లో ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువని 1980ల్లోనే రాశారు. ఆఫ్రికా రోగుల నుంచి తయారైన నియమాలు మన కొండల్లో అచ్చంగా అలాగే సరిపోతాయా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది, 2047 కల్లా జబ్బుని నిర్మూలించాలన్నది లక్ష్యం. పరీక్షలు చేసినంత చురుగ్గా ఆ తర్వాత ఏమైందన్నది కనుక్కోవడం జరుగుతుందా అన్నదే నా అనుమానం. పాజిటివ్ వచ్చిన బిడ్డకి మందు అందిందా, ఏడాది తర్వాత వాడుతున్నాడా, మానేస్తే ఎందుకు మానేశాడు, ఇవి ఇంటింటికీ వెళ్లే మనిషికే తెలుస్తాయి. బీఎస్సీ నర్సింగ్ ఉంటే ఎమ్మెస్సీకో, పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్‌కో వెళ్లొచ్చు. అంత చదువు ఇప్పుడు కుదరకపోతే, మీ ప్రాంతంలో ఏ కాలేజీ వాళ్లు స్టడీ చేసినా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరండి, చేరేటప్పుడే పేపర్‌లో నా పేరు ఉంటుందా అని అడగండి. మొహమాటపడొద్దు.

ఒక్క జాగ్రత్త. ఇద్దరు క్యారియర్లు (తమకి జబ్బు లేకుండా ఆ జన్యువుని మోసేవాళ్లు) పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే ప్రమాదం 25 శాతం. దీన్ని నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందని చెప్తే, ఒకడికి వచ్చేసింది కదా ఇక మిగతా ముగ్గురికీ భయం లేదు అనుకుంటారు జనం, అది నేను స్వయంగా విన్నాను. ప్రతిసారీ అదే 25 అని నొక్కి చెప్పాలి. ఇంకా, క్యారియర్ అన్న సంగతి ఊళ్లో పొక్కితే ఆడపిల్ల సంబంధాలు తప్పిపోతాయి, కాబట్టి రిజిస్టరు మీ చేతిలోనే ఉండాలి, పంచాయతీ అరుగు మీద కాదు.

ప్రశ్న: మేడమ్, నేను హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. డాక్టర్ని కాను, రోగిని ముట్టుకునే హక్కు లేదు. ఈ రంగంలో నాకు పనేముంటుంది? (విద్యార్థి, చినవాల్తేరు)

జవాబు: నీకు పని కొరత అనుకుంటున్నావు, నిజానికి మనిషి కొరత. ముందు జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్. దానికి పరీక్షలు: సీఎస్‌ఐఆర్-యూజీసీ వాళ్ల నెట్ ఒకటి, బయోటెక్నాలజీ విభాగం వాళ్ల బెట్ ఒకటి. రెండూ రాయి. రక్తవ్యాధులకి ముంబైలో ఐసీఎంఆర్ వాళ్ల ఇమ్యునోహెమటాలజీ సంస్థ ప్రత్యేకంగా ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఢిల్లీలో ఐజీఐబీ, వెల్లూరులో సీఎంసీ, ఇవన్నీ జన్యువుల పని చేసే చోట్లే. వెల్లూరు వాళ్లు తీవ్రమైన హీమోఫీలియా ఏ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న అయిదుగురికి వాళ్ల సొంత మూలకణాల్లోకే జన్యువుని చొప్పించి తిరిగి ఎక్కించిన ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. మన దేశంలో ఇది జరుగుతుందని నా చదువు రోజుల్లో ఎవరైనా చెప్తే నవ్వేవాళ్లం.

నువ్వు అడగలేదు గానీ ఊపిరితిత్తుల వైపు కూడా జన్యువులున్నాయి. నెలలు నిండకపోతే ఊపిరి అందకపోవడానికి ముఖ్య కారణం ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం లేకపోవడమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ చూపించారు. చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన నురుగు లేకపోవడం ఆవిడ కంటపడింది. అయినా వైద్యం రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకే ఈ జబ్బుతో 39 గంటలు బతికి పోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా పదిమంది బిడ్డలకి ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్ పోసి చూపించేదాకా ఇరవై ఒక్కేళ్లు పట్టింది. కెరీర్ అంటే ఏడాదికో పేపర్ అనుకునే వాళ్ల కోసం ఈ లెక్క చెప్తున్నాను. అయితే నెలలు నిండి పుట్టీ, సర్ఫాక్టెంట్ పోసినా నిలవని బిడ్డలు కొందరుంటారు. సర్ఫాక్టెంట్ ప్రోటీన్ బీ జన్యువులోనో, ఏబీసీఏ3 జన్యువులోనో లోపం ఉంటుంది, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తుంది. మేనరికాలు ఇంకా జరిగే మన వైపు ఇలాంటి బిడ్డల్ని ఎవరో ఒకరు సీక్వెన్సింగ్ చేసి, అంటే జన్యువుల్ని అక్షరం అక్షరం చదివి చూడాలి. తలసేమియా మ్యుటేషన్లు చదివే ల్యాబుకి ఇది కొత్త విద్యేమీ కాదు, అవే పరికరాలు, అదే పద్ధతి. స్టాటిస్టిక్స్, కొంచెం ఆర్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే నేర్చుకో. పైపెట్ పట్టడం ఆరు వారాల్లో వస్తుంది, డేటా చూసి అబద్ధాన్ని పసిగట్టడం రాదు.

ప్రశ్న: సార్/మేడమ్, బయోమెడికల్ ఇంజినీరింగ్ చేశాను. తక్కువ ఖర్చులో పిల్లల వెంటిలేటర్ చేయాలని ప్లాన్. మెడ్‌టెక్ జోన్ (వైద్య పరికరాలు తయారు చేసే పార్కు) మా ఇంటికి దగ్గరే. సలహా ఇవ్వగలరు. (గాజువాక)

జవాబు: మేడమ్‌నే. వెంటిలేటర్ వద్దు బాబూ, ఇప్పటికే చాలామంది చేస్తున్నారు. సీపాప్ వైపు చూడు. 1971లో జార్జ్ గ్రెగరీ బృందం మొదలుపెట్టిన పద్ధతి, బిడ్డ తనే ఊపిరి తీసుకుంటుంటే ఊపిరితిత్తి ముడుచుకుపోకుండా ఒత్తిడి పట్టి ఉంచడం. బబుల్ సీపాప్‌లో గొట్టం చివర నీళ్లలో అయిదు సెంటీమీటర్లు ముంచితే అయిదు సెంటీమీటర్ల ఒత్తిడి, అంతే, అంతకంటే చవక ఏముంది? చవకగా లేనివి వేరే. గాలినీ ఆక్సిజన్‌నీ కలిపే బ్లెండర్, వేడి చేసి తేమ పట్టించే భాగం, ముక్కులో పట్టే ప్రాంగ్స్. బ్లెండర్ లేని చోట వంద శాతం ఆక్సిజన్ పోతుంది, బిడ్డ బతుకుతాడు, చూపు పోవచ్చు. 1940లు, 50ల్లో పడమటి దేశాల్లో వేలమంది పిల్లలు అలాగే గుడ్డివాళ్లయ్యారు. భయపడి ఆక్సిజన్ బాగా తగ్గిస్తే చావులు పెరిగాయి. ఎంత ఉంచాలన్న తగాదా 2010 తర్వాత పెద్ద ట్రయల్స్‌లో కూడా నడిచింది. రక్తంలో ఆక్సిజన్‌ని 85 నుంచి 89 శాతం మధ్య ఉంచితే కళ్లకి మేలు, ప్రాణానికి చేటు, 91 నుంచి 95 ఉంచితే కళ్లకి కొంత ప్రమాదం గానీ ఎక్కువమంది బతికారు. కరెంటు పోయినా పనిచేసే చవక బ్లెండర్ చేసి చూపించు, నేను స్వయంగా నిన్ను పట్టుకుని పరిచయాలు చేయిస్తాను. గీత గీసే ముందు మాత్రం ఏదైనా ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసికందుల యూనిట్‌లో) నైట్ డ్యూటీ నర్సుల పక్కన కొన్ని రాత్రులు కూర్చో. ముక్కు ఒరుసుకుపోయి పుండు పడటం, గొట్టంలో నీళ్లు చేరడం, అలారం మోగీ మోగీ చివరికి ఎవరో దాని నోరు నొక్కేయడం, ఇవి ఏ బ్రోషర్‌లోనూ ఉండవు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఉద్యోగం వదిలి పీహెచ్‌డీ అంటున్నాడు. సికిల్ సెల్ మీదట. వాడికి 26. జీతం ఎంత, ఎన్నేళ్లు, సంబంధాల వాళ్లకి ఏం చెప్పుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, మధురవాడ)

జవాబు: జేఆర్‌ఎఫ్ ఉంటే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, ఇవి 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం అదనం. అయిదేళ్లు అనుకోండి, ఆరవచ్చు. డబ్బు నెలనెలా టంచనుగా పడుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. నాకు తెలిసిన ఒక కుర్రాడికి ఒక సంస్థలో నెలల తరబడి ఫెలోషిప్ రాక, అక్క దగ్గర అప్పు తీసుకుని మెస్ బిల్లు కట్టాడు. కాబట్టి చేరే ముందు ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోమనండి. ఫెలోషిప్ లేకుండా, ప్రాజెక్టు ముగిసిపోతే వీధిన పడే చోట చేరడాన్ని నేను ఒప్పుకోను, ఆ విషయంలో మీతోనే ఉన్నాను. పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే దారి కాదు, జెనెటిక్ ల్యాబులున్నాయి, క్లినికల్ ట్రయల్స్ నడిపే కంపెనీలున్నాయి, ఫార్మా ఉంది. సంబంధాల వాళ్లకి సైంటిస్టు అని చెప్పండి, అబద్ధం కాదు కదా.

ప్రశ్న: ఎండీ రెసిడెంట్‌ని. నెలలు తక్కువ పిల్లల రక్తమార్పిడి మీద థీసిస్ డేటా ఉంది. ఓ జర్నల్ వాళ్లు డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిల్ పెట్టారు. వేయించనా? (పేరు వద్దు)

జవాబు: వద్దు. మీ డేటాని నిజంగా చదివే మనిషికి వారం సరిపోదు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేఖ బయటికి తీయండి, ట్రయల్ అయితే మొదటి బిడ్డని చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐలో (ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్టరులో) రిజిస్టర్ చేశారో లేదో చూసుకోండి, ఎందుకంటే తర్వాత చేయిస్తే మంచి జర్నల్ వాళ్లు తీసుకోరు. ఇవి రెండూ ఉంటే మన దేశపు పిల్లల వైద్యుల సంఘం జర్నల్‌కి పంపండి. తిప్పి పంపినా రివ్యూయర్లు రాసిన నాలుగు మాటలు చేతికొస్తాయి, వాటితో దిద్ది ఇంకోదానికి పంపవచ్చు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకోండి: రక్తం ఎక్కించే ముందు తీసిన శాంపిల్‌లో ఫీటల్ హిమోగ్లోబిన్ శాతం రాసుకున్నారా? రాసుకోకపోతే ల్యాబ్‌లో మిగిలిన శాంపిళ్లు ఇంకా ఉన్నాయేమో రేపే అడగండి, పారేశాక చేసేదేం లేదు.